కనుమ గేటు మూడింటికి

ఆగస్టు 9

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఒంట్లో కులాసాగా ఉందని రాశావు గాని మోకాళ్ల ప్రస్తావన తేలేదు. కాబట్టి మోకాళ్లు బాగా లేవని గ్రహించాను. ఫోను చేద్దామంటే నీకు వినపడదు, ఎదురుగా పెదాలు కనిపిస్తేనే మాట అందుతుంది. బావగారికి, నాకు మాట మూడు వాక్యాలు దాటదు. అందుచేత మనకు ఈ కాగితాలు తప్పవు. తప్పకపోవడమే మేలని నా అభిప్రాయం. మాట గాలికి పోతుంది, కాగితం బీరువాలో ఉంటుంది.

మన చిన్నప్పుడు వంటింటి గోడకు ఒక క్యాలెండరు ఉండేది. మంచుకొండ, దాని కింద సన్నటి కాలిబాట. ఏడాది గడిచినా ఆ బొమ్మ తీయనిచ్చావు కాదు. తేదీల కాగితాలన్నీ ఊడిపోయాక కూడా బొమ్మ ఒక్కటే తొమ్మిదేళ్లు వేలాడింది. ఆ కొండ ఎక్కడ ఉందో కనుక్కున్నాను. పర్వత జాతీయ ఉద్యానవనాల కరపత్రాలు, పటాలు మూడేళ్లుగా పోగు చేస్తున్నాను. అవి వరసగా మూడు ఉన్నాయి. మొదటిదాంట్లో జలపాతాలు, రెండోదాంట్లో దేవదారు అడవి, సరస్సు. మూడోది కనుమ. నీ కొండ అక్కడే ఉంది.

అక్టోబరు మొదటి వారంలో మనం నలుగురం వెళుతున్నాం: నువ్వు, బావగారు, నా మేనకోడలు పిట్ట, నేను. వద్దనడానికి నీకు తోచే కారణాలు ఆరు. వాటికి జవాబులు విడి కాగితంలో జత చేశాను. మోకాళ్లది రెండో జవాబు. కనుమ దగ్గర అతిథిగృహం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, కొండ నీ ఎదురుగానే ఉంటుంది. నడవదలచినవాళ్లు గేటు దాటి నాలుగు మైళ్లు పైకి వెళతారు.

తీసుకురావలసినవి: ఉన్ని మేజోళ్లు మనిషికి రెండు జతలు, టార్చి, నలుగురికీ నాలుగు ఈలలు, మెడలో వేసుకునేవి, సూది దారం, ఎందుకంటే సంచుల పట్టీలు తెగేది ఎప్పుడూ దారిలోనే. రైలు ఉదయం ఐదుంపావుకు. కనుమ గేటు మధ్యాహ్నం రెండింటికి మూస్తారు. మిగతా టైములన్నీ నాలుగో కాగితంలో ఉన్నాయి. దయచేసి బావగారి చేత చదివించు.

నీ తమ్ముడు

ఆగస్టు 17

ఒరే కాటాల డాక్టరూ,

కవరు విప్పితే ఏడు కాగితాలు జారిపడ్డాయి. కుట్టుమిషను మీద పరుచుకుని మధ్యాహ్నమంతా చదివాను. స్కూలు నిక్కర్లు ఇరవై రెండు ఆగిపోయాయి. ఆ బొమ్మ నీకు గుర్తుందంటే నమ్మలేకపోయాను. నేనే సగం మర్చిపోయాను. వస్తాను. ఆరు కారణాల్లో ఐదే నావి. "కుక్కను ఎవరు చూస్తారు" అన్నది నీ ఊహ. కుక్క పోయి రెండేళ్లయింది.

పిట్ట ఎగిరి గంతేసింది. కాలేజీలో అప్పుడే అందరికీ చెప్పేసింది. మీ బావ కెమెరా కటకాలు తుడుస్తూ కూర్చున్నారు. స్టూడియోలో పాసుపోర్టు ఫోటోలు తీసీ తీసీ విసుగెత్తింది, కొండమీద సాయంత్రం ఎండ పడేటప్పుడు ఒక్క ఫోటో తీస్తే చాలంటున్నారు.

ఇంక నాలుగో కాగితం సంగతి. చదివించాను. ఆయన ఏం చేశారో చెప్పనా? పెన్సిలు తీసుకుని నువ్వు రాసిన ప్రతి టైముకీ గంట కలుపుకుంటూ పోయారు. "గంటల పంతులు ఐదుంపావు అంటే ఆరుంపావు. రెండు అంటే మూడు. ఇందులో బుర్ర పెట్టడానికేముంది" అన్నారు. స్టూడియోలో జనం తల దువ్వుకునే అద్దం పక్కన గోడమీద రాసి పెట్టుకున్నారు తెలుసా? "బామ్మర్ది టైము ప్లస్ ఒక గంట." నీ స్నేహితుడి పెళ్లికి నువ్వు చెప్పిన టైముకు వెళితే హాల్లో ఇంకా చీపురు పట్టుకుని ఊడుస్తున్నారు చూడు, ఆ రోజు నుంచీ. ఊడ్చేవాడు మా ఇద్దరినీ కుర్చీలు వెయ్యమన్నాడు కూడా. వేశాం.

నాకు నవ్వే వస్తుంది గాని తప్పు పట్టను. నేనూ అంతే కదా. పిల్లలు ఎదుగుతారని లోపల రెండంగుళాల గుడ్డ మడిచి కుడతాను. నువ్వు టైము మడిచి కుడతావు. కుట్టు విప్పేది మీ బావ.

ఇద్దరూ ఆ కొండమీదైనా నాలుగు మాటలు మాట్లాడుకోండి.

అక్క

ఆగస్టు 24

అక్కకు,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు జవాబు రాయలేదు. నాకు ఇది అలవాటు కాదని నీకు తెలుసు.

బావగారి లెక్క సరైనదే. నేను గంట ముందుకు జరిపి చెబుతాను. ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. తూకంలో గ్రాము తేడా ఉంటే కాటా మీద నా ముద్ర వేయను. అటువంటివాణ్ణి, టైములో మాత్రం దొంగ తూకం తూస్తున్నాను. గోడమీద రాసి పెట్టుకున్నారని తెలిశాక సిగ్గు వేసింది. ఇప్పుడు సరిదిద్దుతున్నాను. సవరణ, దానికి కారణం ఒకే కాగితం మీద ఉండాలన్నది నా పద్ధతి. కారణం ముందు, సవరణ తరవాత. ఎవరు చదివినా పూర్తిగా చదవాలి. బావగారు కూడా.

కారణం. అమ్మ పోయిన రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు నీకు కబురు పంపాను. మూడింటికల్లా చేరగలరు. మూడూ నలభైకి వచ్చారు. అమ్మ మూడూ పదికి పోయింది. రెండుసార్లు గుమ్మం వైపు చూసింది. బావగారు వెలుతురు కుదరలేదని ఏదో ఫోటో కోసం ఆగి ఉంటారని నాకు ఆ క్షణమే అర్థమైంది. నేను ఏమీ అనలేదు. ఆ నలభై నిమిషాలనే అప్పటినుంచీ ఆయనకు చెప్పే ప్రతి టైములోనూ కలుపుతున్నాను. సరిపోదేమోనని గంట చేశాను.

సవరణ. ఇకమీదట ఉన్నదున్నట్టే రాస్తాను. రైలు ఆరుంపావుకు. జలపాతాల గేటు సాయంత్రం ఐదింటికి మూస్తారు. కనుమ గేటు మధ్యాహ్నం మూడింటికి. ఈ చివరిదాని కోసం అక్కడి కాపలాదారుకు నేనే ఉత్తరం రాశాను. ఆయన జవాబు నా దగ్గర ఉంది. మూడు దాటితే మంచు దిగి బాట కనపడదు, పైనుంచి రాళ్లు జారతాయి. మూడింటికి గంట కొట్టి గొలుసు వేస్తారు. అప్పటికి పైనున్నవాళ్లు పైనే, కిందున్నవాళ్లు కిందే. కిందటేడు ఒక మనిషి కోసం గొలుసు తీసి ఇద్దరు కాపలావాళ్లు పైకి వెళ్లారు. ముగ్గురూ తిరిగి రాలేదు. అప్పటినుంచి ఎవరి కోసమూ తీయరు. మళ్లీ ఉదయం ఆరింటికే.

ఇందులో ఒక్క నిమిషం కూడా నేను కలపలేదు.

తమ్ముడు

సెప్టెంబరు 2

తమ్ముడూ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది.

ఆ రోజు ఆలస్యం మీ బావ వల్ల కాదు. నా వల్ల.

కబురు వచ్చేసరికి మిషను మీద ఎవరో పెళ్లికూతురి జాకెట్టు ఉంది. సాయంత్రం పెళ్లి. పదకొండు హుక్కులు కుట్టాలి. అమ్మకు అంతకుముందు రెండుసార్లు ఇలాగే అయ్యి తేరుకుంది కదా, ఇప్పుడూ తేరుకుంటుందిలే, హుక్కులు కుట్టేసి వెళదాం అనుకున్నాను. మీ బావ స్కూటరు స్టార్టు చేసి వీధిలో నిలబడ్డారు. మూడుసార్లు లోపలికి వచ్చి పిలిచారు. మూడోసారి కత్తెర నా చేతిలోంచి లాక్కున్నారు. అప్పుడు లేచాను.

అక్కడికి వచ్చాక నువ్వు ఆయన వైపు చూసిన చూపు నేను చూశాను. నోరు విప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఇన్నేళ్లు గడిచిపోయాయి. ఆయన ఆ చూపు గమనించలేదు. నీ గంటలన్నీ నీ చాదస్తమే అనుకుంటున్నారు. అనుకుని నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు లోపల ఎలా ఉంటుందో నీకు ఎలా రాయను.

ఇప్పుడు నీ కాగితం ఆయనకు ఎలా చూపించను? చూపిస్తే నువ్వు ఆయన్ని ఏమనుకున్నావో తెలుస్తుంది. నేను ఎందుకు ఊరుకున్నానో చెప్పాలి. అందుకని సవరించిన టైములు, చివరి వాక్యం మాత్రం చదివి వినిపించాను. "ఒక్క నిమిషం కూడా కలపలేదట" అన్నాను.

"ఆ ముక్క రాయడానికి ఎన్ని నిమిషాలు కలిపాడో" అన్నారు.

"ఒట్టు. ఈసారి నిజం."

"అయితే కాగితం ఇలా తే. నేనే చదువుకుంటా."

ఇవ్వలేదు. "చూశావా, చూపించవు. అక్కా తమ్ముళ్లిద్దరూ కూడబలుక్కుని నన్ను రైలెక్కించేలా ఉన్నారు" అని నవ్వుకుంటూ స్టూడియోకు వెళ్లిపోయారు. కాగితం మడిచి సూది దారం సంచిలో పెట్టాను. ఆ సంచి ఇంట్లో ఎవరూ ముట్టుకోరు.

నన్ను ఏమన్నా అను. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

అక్క

సెప్టెంబరు 19

అక్కకు,

పదకొండు హుక్కులు. ఈ సంఖ్యను నేను చాలాసార్లు చదివాను.

నిన్ను ఏమీ అనను. తూకం తప్పినప్పుడు ముందు చూడవలసింది రాళ్లను కాదు, ముల్లును. ఇరవై రెండేళ్లు నేను ముల్లు చూసుకోలేదు. క్షమాపణ చెప్పుకోవలసింది నేను, అదీ బావగారికి. ఫోనులో చెప్పలేను. కాగితం మీద చెబితే మళ్లీ నీ చేతిమీదుగానే వెళ్లాలి. కనుమ బాట మీద ఆయన పక్కన నడుస్తూ చెబుతాను. ఏమి చెప్పాలో రాసి పెట్టుకున్నాను, నాలుగు వాక్యాలు.

ఒక ఇబ్బంది వచ్చింది. ఫ్యాక్టరీలో లారీలు తూచే పెద్ద కాటా కుంగింది. ఆరో తేదీ దాకా నేను కదలడానికి లేదు. మీరు ముగ్గురూ అనుకున్న రోజే బయలుదేరండి. ఎనిమిదో తేదీ ఉదయం కనుమ అతిథిగృహానికి నేను వచ్చి కలుస్తాను. తొమ్మిదిన అందరం కలిసి పైకి వెళదాం.

రెండు విషయాలు అడుగుతున్నాను. ఆ కాగితం బావగారికి చూపించు, లేదా ఉన్నమాట నోటితో చెప్పు. ఆ రెంటిలో ఏదీ చేయలేకపోతే నేను వచ్చేదాకా ఎవరినీ గేటు దాటనివ్వకు.

నీ తమ్ముడు

అక్టోబరు 3, రెండో పార్కు నుంచి

తమ్ముడూ,

చలికి వేళ్లు వంగడం లేదు. అక్షరాలు కొంకర్లు పోతే నన్ను తిట్టుకోకు. ఇక్కడ దేవదార్లు ఎంత పొడుగంటే పైకి చూస్తే మెడ పట్టేస్తోంది. సరస్సు కదలదు. పిట్ట రాయి వేస్తే ఆ వలయాలు ఒడ్డుకు రావడానికి ఎంతసేపు పట్టిందో నువ్వుంటే లెక్కపెట్టేవాడివి.

మీ బావకు పట్టపగ్గాలు లేవు. ఎందుకో చెబుతా విను. రైలు ఆరుంపావుకని నువ్వు రాశావా, ఆయన గంట కలుపుకుని ఏడుంపావన్నారు. నేను ఐదింటికే లేచి గుమ్మంలో సంచులు పెట్టుకుని ఏడుపు మొహంతో కూర్చున్నాను. ఆయన గడ్డం గీసుకుని, షూ పాలిషు చేసుకుని, ఏడూ ఐదుకు స్టేషనుకు తీసుకొచ్చారు. రైలు అప్పుడే వస్తోంది. గంట ఆలస్యంగా నడుస్తోందట. ప్లాట్‌ఫారం మీద నా వైపు ఒక చూపు చూశారు.

జలపాతాల దగ్గరా అంతే. ఐదింటికి మూస్తారన్నావు. గేటు దగ్గరున్నతని కూతురికి మీ బావ ఫోటో తీసి పెట్టారు, అతను ఆరుదాకా మా కోసం గేటు తెరిచే ఉంచాడు. ఇంక ఆగుతారా? "మీ తమ్ముణ్ణి నేను అర్థం చేసుకున్నట్టు మీ అమ్మ కూడా అర్థం చేసుకుని ఉండదు" అన్నారు. పిట్ట పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను తమ్ముడూ. మేం ముగ్గురం కలిసి అలా నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వు మధ్యలో ఆ మాట తియ్యలేకపోయాను.

చెబుతాను. ఈ రెండు రోజుల్లో తప్పకుండా చెబుతాను. ఎందుకంటే కనుమ దగ్గర గది ఒక రోజు ముందే ఖాళీ అయిందట. ఆరో తేదీకే అక్కడికి చేరతాం. ఎనిమిదో తేదీ నుంచి మబ్బు పడుతుందని ఇక్కడివాళ్లు అంటున్నారు. ఏడున పైకి వెళ్లి ఫోటో తీసుకోవాలని ఆయన పట్టు. మూడున్నరకు ఎండ కొండ మీద ఏటవాలుగా పడుతుందట.

కాగితం నా సంచిలోనే ఉంది.

అక్క

అక్టోబరు 5, ఎక్స్‌ప్రెస్ పోస్టు

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అతిథిగృహానికి ఫోను చేశాను, కలవడం లేదు. కనుమ గేటు మూడింటికే మూస్తారు. నాలుగింటికి కాదు. రైలు ఆలస్యం కావడం కాకతాళీయం. జలపాతాల గేటు మనిషి మంచితనం. కనుమకు ఈ రెండూ వర్తించవు.

మూడున్నర ఎండ కోసం ఆయన ఆగితే కిందికి రాలేరు. పైనుంచి గేటుకు గంట నడక. రెండింటికల్లా వెనుదిరగాలి. ఈ కాగితం ఆయన చేతిలో పెట్టు. ఆ పాత కాగితంలో ఏముందో అడిగితే అంతా చెప్పెయ్యి. నా మీద కోపం వస్తే రానీ.

కాటా పని వేరొకరికి అప్పగించాను. ఈ రాత్రి రైలు దొరకలేదు, రేపటిది ఎక్కుతున్నాను. ఎనిమిది ఉదయానికి ముందు చేరలేను.

తమ్ముడు

అక్టోబరు 7, కనుమ అతిథిగృహం వరండా

తమ్ముడూ,

ఇది పోస్టు చెయ్యడం లేదు. రేపు నువ్వు దిగగానే ఇమ్మని గుమాస్తాకు ఇస్తాను. నువ్వు వచ్చేసరికి నేను గేటు దగ్గర ఉంటాను. నోటితో చెప్పే ఓపిక ఉండదు. అందుకే రాస్తున్నాను.

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం మధ్యాహ్నం పన్నెండుకు అందింది. వాళ్లు తొమ్మిదిన్నరకే వెళ్లిపోయారు. నేను చెప్పలేదు. నిన్న చెప్పలేదు, పొద్దున కూడా చెప్పలేదు. ఈలలు ఇద్దరి మెడల్లోనూ వేశాను. "మూడింటికల్లా వచ్చెయ్యండి" అన్నాను. "మూడంటే నాలుగు" అన్నారు మీ బావ, నా భుజం తట్టి. ఉత్తరం అందగానే గుమాస్తాను వెనకాల పంపుదామనుకున్నా. పైకి రెండున్నర గంటలట. అప్పటికే మించిపోయింది.

పిట్ట రెండూ యాభై ఆరుకు వచ్చింది. ఒక్కతే. పరిగెత్తుకుంటూ. మోచేయి గీసుకుపోయింది.

"నాన్నేరే?"

"వెనకాలే వస్తున్నాడనుకున్నానమ్మా."

జరిగింది దాని నోట వినలేదు, కాగితం మీద రాయించుకున్నాను. ఒకటిన్నరకు కెమెరా సంచి పట్టీ తెగిందట. నీ జాబితాలో సూది దారం ఉంది కదా. పొద్దున పిట్ట నన్ను అడక్కుండానే నా సూది దారం సంచి తీసుకెళ్లింది. సూది కోసం వెతికితే నీ కాగితం దొరికింది. టైములు ఉన్నాయని తెలిసి, నాన్న ముందు కూర్చుని పైనుంచి చదవడం మొదలుపెట్టింది. కారణం ముందు, సవరణ తరవాత. అమ్మ గుమ్మం వైపు రెండుసార్లు చూసిందన్నది చదివాక గాని దానికి ఏం చదువుతోందో తెలియలేదట. ఆపబోయింది. "పూర్తిగా చదువు" అన్నారట. చదివింది.

"ఇది మీ అమ్మకు తెలుసా?" అని అడిగారట.

"అమ్మ సంచిలోనే ఉంది కదా నాన్నా."

కెమెరా చేతిలోకి తీసుకుని కొండవైపు తిరిగారట. "నువ్వు పద. మూడింటికి గేటు వేసేస్తారు, అది నిజమే" అన్నారట.

"నువ్వు?"

"నేనెప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషినే కదే. వెలుతురు చూసుకుని వస్తా."

చెయ్యి పట్టుకుని లాగిందట. బతిమాలిందట. నువ్వు దిగకపోతే ఇద్దరం ఇక్కడే ఉంటాం అని మీ బావ కసిరితే అప్పుడు దిగింది. వెనకాల అడుగులు వినిపిస్తున్నాయనే అనుకుంటూ వచ్చిందట.

మూడింటికి గంట కొట్టి ఉంటారు. నాకు వినపడలేదు. కాపలాదారు గొలుసు తగిలించడం మాత్రం చూశాను. కాళ్లు పట్టుకున్నాను. అతను కింద కూర్చుని నా చేతులు విడిపించుకుని, గోడమీద ఉన్న రెండు ఫోటోలు చూపించాడు. ఇద్దరూ కుర్రాళ్లే.

ఇందాక ఒకటి తోచింది. మొదట నువ్వు రెండింటికని అబద్ధం రాశావు చూడు, అది అలాగే వదిలేసి ఉంటే మీ బావ గంట కలుపుకుని సరిగ్గా మూడింటికి గేటు దగ్గర ఉండేవారు. మనం నిజం రాసుకున్నాం.

నా కొండ చూశాను. పొద్దున గంటసేపు కనిపించింది. క్యాలెండరు బొమ్మలో ఉన్నట్టే ఉంది, ఆ కాలిబాటతో సహా. నాలుగింటికి మంచు దిగడం మొదలైంది. ముందు కొండ పోయింది, తరవాత బాట. ఇప్పుడు ఐదవుతోంది. గేటు, దాని అవతల నాలుగు రాళ్లు కనిపిస్తున్నాయి.

పిట్ట గేటు పట్టుకుని నిలబడి ఈల ఊదుతోంది. ఊదుతుంది, ఆగుతుంది, తల పక్కకు వంచి వింటుంది. నాకు ఈలా వినపడదు, దానికి జవాబు వచ్చినా వినపడదు. అందుకని దాని మొహమే చూస్తున్నాను. ఊదినప్పుడల్లా చూస్తున్నాను. ఇంతవరకూ దాని మొహం మారలేదు.

కాపలాదారు పొద్దున గొలుసు ఎప్పుడు తీస్తాడో ఏదో చెప్పాడు. పెదాలు చూస్తే అర్థం కాలేదు. పిట్టను ఈల ఆపి చెప్పమనే ధైర్యం లేదు. నీ కాగితంలో ఆరింటికని ఉంది. ఒక్క నిమిషం కూడా కలపలేదని రాశావు. నమ్ముతాను తమ్ముడూ, నిన్ను నమ్మక ఎవర్ని నమ్ముతాను. కానీ ఒక్కటి చెప్పు.

ఆ ఆరు, ఆరేనా?

అక్క